కోనసీమలో తుఫాను వారం: హెచ్చరిక నుంచి పరిహారం దాకా ఏ రోజు ఏం జరుగుతుంది?

అమ్మానాన్న అల్లవరంలో, మీరు హైదరాబాద్‌లో. లేదంటే రాజోలు దగ్గర మీకు రెండెకరాలుంది, దాన్ని కౌలుకిచ్చి మీరు బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్నారు. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఏదో ఒక రోజు మీ ఫోన్‌కు 'బంగాళాఖాతంలో అల్పపీడనం' అనే నోటిఫికేషన్ వస్తుంది. ఇక అక్కడి నుంచి వారం రోజులు టీవీలో గిర్రున తిరిగే గ్రాఫిక్స్, వాట్సాప్‌లో ఏ ఏడాదివో తెలియని వీడియోలు. ఊరికి ఫోన్ చేస్తే స్విచాఫ్.

ఆ వారంలో ప్రభుత్వ యంత్రాంగం ఏ దశలో ఏం చేస్తుంది? దేనికి ఎవరిని అడగాలి? ఏ గడువు దాటిపోతే రావాల్సిన డబ్బు రాకుండా పోతుంది? ఉదాహరణకు ఎక్కువగా 2025 అక్టోబరు నాటి మొంథా తుఫానునే తీసుకున్నాం. అవసరమైన చోట 2018 డిసెంబరు నాటి పెథాయ్‌ని, కోనసీమ మరిచిపోని 1996 నవంబరు 6ను కూడా ప్రస్తావించాం.

చలి మొదలయ్యే వేళకే ఎందుకు వస్తాయి?

బంగాళాఖాతంలో తుఫాన్లకు రెండు సీజన్లు. ఒకటి నైరుతి రుతుపవనాలకు ముందు, రెండోది వాటి తర్వాత. వర్షాకాలంలో సముద్రం వేడిగానే ఉంటుంది కానీ, కింది గాలి ఒక వైపు, పైగాలి మరో వైపు బలంగా వీస్తుంటాయి. దాంతో తుఫాను నిలదొక్కుకోలేదు. అక్టోబరుకల్లా ఆ లాగులాట తగ్గుతుంది, సముద్రంలో వేడి ఇంకా అలాగే ఉంటుంది. కోస్తాకు గట్టి దెబ్బలు ఎక్కువగా ఈ మూడు నెలల్లోనే తగలడానికి కారణం అదే.

క్యాలెండర్ చూడండి. 1839 నవంబరులో కోనసీమకు ఆవలి ఒడ్డునున్న కోరంగి రేవును ఉప్పెన తుడిచిపెట్టింది. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కాకినాడకు దక్షిణంగా తీరం దాటి వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. వేటకు వెళ్లి తిరిగిరాని మత్స్యకారులు వందల్లో ఉన్నారు. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి తీర గ్రామాల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ వయసులు, పెళ్లిళ్లు 'తుఫానుకు ముందు, తుఫాను తర్వాత' అని లెక్కచెబుతారు. 2013 నవంబరు 22న హెలెన్ మచిలీపట్నం దగ్గర, 2018 డిసెంబరు 17న పెథాయ్ సాక్షాత్తూ కాట్రేనికోన దగ్గర, 2023 డిసెంబరు 5న మిగ్‌జాం బాపట్ల దగ్గర తీరం దాటాయి.

ఇదే సమయానికి చేలో సార్వా వరి ఉంటుంది. అక్టోబరు చివర్లో వస్తే కంకి పాలు పోసుకునే దశ, డిసెంబరులో వస్తే కోసిన పనలు లేదా కళ్లంలో ధాన్యం. ఎప్పుడొచ్చినా నష్టమే, దాని రకం మాత్రం మారుతుంది. ఈ తేడా పరిహారం దగ్గర ఎంత ముఖ్యమో కింద చూద్దాం.

హెచ్చరికను ఎలా చదవాలి?

భారత వాతావరణ శాఖ తుఫాను హెచ్చరికలను దశలవారీగా ఇస్తుంది. తీరానికి ముప్పు ఉందని దాదాపు 72 గంటల ముందు ఒక సూచన, 48 గంటల ముందు అలర్ట్, 24 గంటల ముందు వార్నింగ్, 12 గంటల ముందు తీరం దాటాక లోపలి జిల్లాల్లో ఏం జరుగుతుందన్న అంచనా. మీ వాళ్లను కదిలించాలంటే మీకు నిజంగా పనికొచ్చే సమయం రెండోదానికీ మూడోదానికీ మధ్య ఉన్న ఒక్క రోజే. ఆ తర్వాత బస్సులు ఆగిపోతాయి.

పేర్లకు కూడా లెక్కలున్నాయి. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లు దాటితే తుఫాను, 89 దాటితే తీవ్ర తుఫాను, 118 దాటితే అతి తీవ్ర తుఫాను. మొంథా అక్టోబరు 25న వాయుగుండం. 27 తెల్లవారుజామున తుఫానుగా, 28 ఉదయం తీవ్ర తుఫానుగా మారింది. అదే రోజు అర్ధరాత్రి ప్రాంతంలో నర్సాపురం సమీపంలో తీరం దాటింది. అప్పుడు గాలి వేగం 90-100 కిలోమీటర్లు. అంటే 'అతి తీవ్ర' స్థాయికి చేరనే లేదు. టీవీలో వినిపించిన విశేషణాలు మాత్రం ఆ స్థాయిని ఎప్పుడో దాటేశాయి.

ఎల్లో, ఆరెంజ్, రెడ్ రంగులు వాన ఎన్ని సెంటీమీటర్లు పడుతుందో చెప్పేవి మాత్రమే కావు. ఎల్లో అంటే గమనిస్తూ ఉండండి, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి, రెడ్ అంటే ఇక చర్య తీసుకోండి అని అధికారులకు, ప్రజలకు ఇచ్చే సంకేతం.

ఎక్కువ మంది పొరబడేది పోర్టు ప్రమాద సూచికల దగ్గర. మొంథా సమయంలో కాకినాడ పోర్టులో 10వ నంబరు ఎగరేశారు. 'నిన్న 8, ఇవాళ 10, అంటే తుఫాను ఇంకా బలపడింది' అని చాలామంది అనుకుంటారు. అలా కాదు. 8, 9, 10 మూడూ ఒకే స్థాయి 'మహా ప్రమాద' సూచికలు. తుఫాను పోర్టును ఎడమవైపు వదిలి వెళ్తుందనుకుంటే 8, కుడివైపు వదిలితే 9, పోర్టు మీదుగా లేదా దానికి బాగా దగ్గరగా వెళ్తుందనుకుంటే 10. ఆ నంబరు చెప్పేది దారి గురించి. వాతావరణ కార్యాలయంతో సంబంధాలు తెగిపోయాయని అర్థమిచ్చే 11 కూడా ఒకటుంది.

దారి ఎందుకంత ముఖ్యం? మన అర్ధగోళంలో తుఫాను గాలి అపసవ్య దిశలో, అంటే గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. తుఫాను వాయవ్యంగా వస్తుంటే దాని కుడి పక్కన గాలి సముద్రం మీంచి నేల మీదికి కొడుతుంది, ఎడమ పక్కన నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది. నర్సాపురం దగ్గర తీరం దాటితే కుడిపక్కన ఉండేది అంతర్వేది, ఓడలరేవు, ఎస్.యానాం. 'తుఫాను పశ్చిమ గోదావరి వైపు మళ్లింది, మనకు పర్లేదు' అని మీ నాన్నగారు ఫోన్‌లో అంటే ఈ ఒక్క మాట గుర్తుచేయండి.

తీరం దాటే రోజు ఏం ఆపేస్తారు?

కోనసీమకు రైలు లేదు. కోటిపల్లి-నర్సాపురం లైను ఇంకా పూర్తికాలేదు. అటు గౌతమి, ఇటు వశిష్ఠ, మధ్యలో వైనతేయ, దిగువన సముద్రం. బయటికి రావాలంటే వంతెనలే దిక్కు: రావులపాలెం వైపు జాతీయ రహదారి, ఎదుర్లంక-యానాం వారధి, దిండి-చించినాడ వంతెన. సఖినేటిపల్లి-నర్సాపురం రేవులో పంటును గాలి పెరిగే ముందే ఆపేస్తారు. లంక గ్రామాల పడవలూ అంతే.

మొంథా తీరం దాటిన రాత్రి 8:30 నుంచి ఉదయం 6 వరకు కోనసీమ సహా ఏడు జిల్లాల్లో రోడ్ల మీద వాహనాల రాకపోకలను నిలిపివేశారు. కొందరికి ఇది అతిగా అనిపించింది. కానీ కోనసీమ రోడ్లకు రెండు వైపులా ఏముంటాయో తెలిసినవారికి అనిపించదు. ఆ తుఫానుకు జిల్లాలో చెట్టు మీదపడి ఒక మహిళ చనిపోయారు. పొడవాటి కొబ్బరి, తాడి చెట్ల మధ్య బతికేవాళ్లకు గాలివానలో వరద కంటే ముందు వచ్చే ప్రమాదం ఇదే.

కరెంటు కూడా తరచూ ముందే తీసేస్తారు. 11 కేవీ లైన్లు చాలాచోట్ల తోటల పక్క నుంచే వెళ్తాయి. మట్ట పడినా చాలు, తీగ తెగుతుంది. పునరుద్ధరణకు ఒక వరస ఉంటుంది. ముందు సబ్‌స్టేషన్లు, తర్వాత ప్రధాన ఫీడర్లు, ఆసుపత్రులు, మంచినీటి పథకాలు, ఆ తర్వాతే మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్. మీ ఇంటి సమస్య 1912కు ఫోన్ చేసి సర్వీసు నంబరుతో నమోదు చేయించవచ్చు. ఈ పని ఊళ్లో ఉన్నవాళ్లే చేయాలని లేదు. హైదరాబాద్ నుంచి మీరూ చేయొచ్చు, అక్కడ వాళ్ల ఫోన్‌లో చార్జింగ్ మిగులుతుంది. కాబట్టి పాత కరెంటు బిల్లు ఫొటో ఒకటి ఇప్పుడే మీ దగ్గర పెట్టుకోండి.

సిగ్నల్ సంగతి. టవర్లకు కరెంటు పోయాక బ్యాటరీ, డీజిల్ ఉన్నంతవరకే. తుఫాను ప్రాంతాల్లో టెలికాం శాఖ 'ఇంట్రా సర్కిల్ రోమింగ్' తెరిపిస్తుంటుంది. అంటే మీ కంపెనీ టవర్ పడిపోయినా, పక్కన పనిచేస్తున్న మరో కంపెనీ టవర్‌కు ఫోన్ అతుక్కుంటుంది. దానంతటది కలవకపోతే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌ను ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కు మార్చి, కనిపించినదాన్ని ఎంచుకోవాలి. ఈ మాట తుఫాను వచ్చాక చెబుదామంటే చెప్పడానికి సిగ్నల్ ఉండదు.

పునరావాస కేంద్రానికి వెళ్లాలా?

తీర గ్రామాల్లో పెంకుటిళ్లు, తాటాకిళ్లలో ఉన్నవాళ్లు వెళ్లాల్సిందే. మొంథాకు ముందు ప్రసవ తేదీ దగ్గరపడిన గర్భిణులను ఆసుపత్రులకు చేర్చారు. మీ కుటుంబంలో అలాంటివారుంటే ఆశా కార్యకర్త దగ్గరున్న జాబితాలో పేరుందో లేదో ముందే అడగండి. డయాలసిస్ చేయించుకునేవాళ్ల పేరు ఏ జాబితాలోనూ దానంతటది రాదు. సచివాలయంలో మీరే చెప్పాలి.

కేంద్రంలో పేరు నమోదు కావడం కూడా ముఖ్యమే. మొంథా అప్పుడు శిబిరాల్లో ఉన్నవారికి మనిషికి వెయ్యి రూపాయలు, కుటుంబానికి గరిష్ఠంగా 3 వేలు ప్రకటించారు. ఇల్లు వదిలి బంధువుల డాబా ఇంట్లో తలదాచుకున్నవారు ఆ రిజిస్టరులో ఉండరు.

అత్యవసరమైతే 112. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ కంట్రోల్ రూమ్ నంబర్లు 1070, 1800 425 0101. పాము కాటుకు 108. డెల్టా చేలల్లో రక్తపింజరి ఉంటుంది. పుట్టలు, బోదెలు మునిగితే పాములు మెరకనున్న ఇళ్లలోకి చేరతాయి. నాటు వైద్యం, కట్లు, కోతలు వద్దు, నేరుగా ఆసుపత్రికే.

వాన ఆగినా నీళ్లెందుకు పోవు?

కోనసీమ విషయంలో అసలు ప్రశ్న ఇది. టీవీ కెమెరాలు వెళ్లిపోయాక మొదలయ్యేది కూడా ఇదే.

కాటన్ ఆనకట్ట తర్వాత డెల్టాకు నీళ్లు తెచ్చే కాలువలతో పాటు వాటిని తీసుకెళ్లే మురుగు కాలువలు కూడా అంతే అవసరమయ్యాయి. తీరం దగ్గర నేల సముద్ర మట్టానికి కాస్తే ఎత్తు. డ్రెయిన్‌లో నీరు సముద్రంలోకి దిగాలంటే సముద్రం ఆటులో ఉండాలి. పోటు సమయంలో అది వెనక్కి తంతుంది. తుఫానప్పుడు సముద్రం మామూలు పోటు కంటే పైకి లేస్తుంది, అదే సమయానికి చేల మీద భారీ వాన. పైగా డ్రెయిన్లలో గుర్రపుడెక్క, కలిసేచోట మొగ ఇసుకతో పూడిపోయి ఉంటుంది. కూనవరం డ్రెయిన్ వైపు రైతుల్ని అడిగితే తుఫాను పేర్లు గుర్తుండకపోవచ్చు కానీ, ఏ ఏడాది చేలో నీళ్లు ఎన్ని రోజులు నిలిచాయో చెబుతారు.

రాజోలు వైపు ఇది మరో రూపంలో కనిపిస్తోంది. శంకరగుప్తం డ్రెయిన్ ద్వారా ఉప్పునీరు ఎగదన్ని మలికిపురం మండలం కేశనపల్లి పరిసరాల్లో కొబ్బరి చెట్లు మోడువారాయి. 2025 నవంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ వచ్చి ఆ తోటల్ని చూశారు. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయబోమంటూ పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధర, కూలి ఖర్చులతో పాటు మురుగు కాలువలు కూడా వాళ్ల ఫిర్యాదుల్లో ఉన్నాయి. 2022లో మళ్లీ పంట విరామం మాట వినిపించింది. తుఫాను వచ్చాక బోట్లు, బియ్యం పంపడంలో యంత్రాంగం 1996తో పోలిస్తే చాలా మెరుగుపడింది. జనాన్ని ముందే తరలించడం వల్ల మరణాలు తగ్గాయి, దీన్ని ఒప్పుకోవాలి. వేసవిలో పూడిక తీసే పని మాత్రం అంత వేగంగా సాగదు. అప్పుడు వార్త కాదు కదా.

పంట నష్టం లెక్క ఎలా కడతారు?

వాన తగ్గిన రెండు మూడు రోజులకు గ్రామ వ్యవసాయ సహాయకులు, వీఆర్వోలు చేలకు వస్తారు. పంట 33 శాతం, అంతకంటే ఎక్కువ దెబ్బతింటేనే పెట్టుబడి రాయితీ. కేంద్రం 2022-26 కాలానికి పెట్టిన విపత్తు సాయం నిబంధనల ప్రకారం నీటి వసతి ఉన్న పొలానికి హెక్టారుకు 17,000 రూపాయలు, బహువార్షిక పంటలకు 22,500, అదీ రెండు హెక్టార్ల వరకే. ఎకరాకు లెక్కేస్తే వరికి 6,900 కూడా కాదు. రాష్ట్రం దీనికి పైన కలపవచ్చు. 2024 సెప్టెంబరు వరదలప్పుడు వరికి హెక్టారుకు 25,000 ప్రకటించారు. ఇల్లు పూర్తిగా కూలితే మైదాన ప్రాంతంలో 1.20 లక్షలు, గుడిసెకు 8,000, పాడి గేదెకు 37,500, ప్రాణ నష్టానికి 4 లక్షలు.

ఈ డబ్బు వచ్చేది ఈ-క్రాప్‌లో ఎవరి పేరు ఉంటే వారికి, ఆధార్ లింకైన ఖాతాలోకి. సమస్య ఇక్కడే ఉంది. కోనసీమలో చేలో దిగి సాగుచేసేవారిలో కౌలు రైతులే ఎక్కువ. 2019 చట్టం ప్రకారం కౌలు రైతుకు 11 నెలల సాగుదారు హక్కు కార్డు ఇస్తారు. దానికి భూయజమాని సంతకం కావాలి. ఆ సంతకం పెడితే భూమి పోతుందన్న భయంతో చాలామంది పెట్టరు. చట్టం ప్రకారం ఆ కార్డు పంట మీద హక్కే తప్ప భూమి మీద హక్కు ఇవ్వదు. మీరు పట్నంలో ఉండి పొలం కౌలుకిచ్చినవారైతే మీకో మాట: మీరు సంతకం పెట్టకపోతే, చేను మునిగినప్పుడు విత్తనం, ఎరువు, కూలి పోగొట్టుకున్న మనిషికి పైసా రాదు. పైగా మీ పేరున నమోదై ఉంటే ఆ డబ్బు మీ ఖాతాలో పడుతుంది. అలా పడినదాన్ని తిరిగి ఇచ్చేవారున్నారు, ఇవ్వనివారూ ఉన్నారు.

నష్టపోయినవారి జాబితాను రైతు సేవా కేంద్రంలోనో సచివాలయంలోనో కొద్ది రోజులు అతికిస్తారు. పేరు లేకపోతే అభ్యంతరం చెప్పాల్సింది ఆ రోజుల్లోనే. ఊళ్లో ఎవరినైనా ఆ కాగితం ఫొటో తీసి పంపమనండి. చేలో నీళ్లున్నప్పుడే తేదీ, లొకేషన్ కనిపించేలా ఫొటోలు తీసి ఉంచితే అభ్యంతరానికి బలం ఉంటుంది. నీరు దిగాక పచ్చగా కనిపించే చేనులో గింజంతా తాలు కావచ్చు. పూత దశలో గాలివాన కొడితే అది కోతప్పుడు గానీ తెలియదు.

ఫసల్ బీమా వేరే లెక్క. ఖరీఫ్‌లో రైతు వాటా ప్రీమియం 2 శాతం. కోసి చేలో ఆరబెట్టిన పంట తుఫానుకు తడిస్తే, కోసిన 14 రోజుల్లోపు జరిగిన నష్టానికి వ్యక్తిగతంగా క్లెయిమ్ చేసుకునే వీలుంది. కానీ 72 గంటల్లోగా చెప్పాలి. ఫోన్ నంబరు 14447. పెథాయ్ లాంటి డిసెంబరు తుఫానుకు పనికొచ్చేది ఈ నిబంధనే. కరెంటు, సిగ్నల్ లేని ఊళ్లో ఆ మూడు రోజులు ఎంత త్వరగా గడుస్తాయో వేరే చెప్పక్కర్లేదు. ఆ ఫోన్ కూడా మీరే చేయొచ్చు.

తడిసిన పనలు మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకుల మీద పిచికారీ చేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. కళ్లంలో ధాన్యానికి తేమ 17 శాతం మించితే మద్దతు ధర దగ్గర ఇబ్బందే. రోడ్ల మీద ధాన్యం పరిచారని కారులో వెళ్తూ విసుక్కునేవారికి ఆ 17 అంకె గుర్తుంటే మంచిది.

కొబ్బరి నష్టం ఎందుకు లెక్కకు రాదు?

పడిపోయిన చెట్టు, మొవ్వు విరిగిన చెట్టు అధికారుల లెక్కలోకి వస్తాయి. మొవ్వు పోతే కొబ్బరి చెట్టు మళ్లీ చిగురించదు, కాబట్టి అందులో వాదన లేదు. నిలబడి ఉండి, మట్టలు పోగొట్టుకున్న చెట్టు సంగతే తేలదు. కొబ్బరిలో ప్రతి మట్ట మొదట్లో ఒక గెల వస్తుంది. మట్ట విరిగితే గెల వేలాడిపోతుంది, పిందె రాలుతుంది. పూత నుంచి ముదురు కాయ కావడానికి ఏడాది దాకా పడుతుంది. అందుకే అక్టోబరు తుఫాను దెబ్బ మరుసటి ఏడాది దింపుల్లో తెలుస్తుంది. అంబాజీపేట మార్కెట్‌కు వెళ్లే కాయ తగ్గుతుంది, దింపు కార్మికులకూ, వలుపు కార్మికులకూ పని తగ్గుతుంది. అప్పటికి లెక్కలు రాసుకున్న బృందాలు వెళ్లిపోయి నెలలు దాటుతుంది. చెట్టు నిలబడే ఉంది కాబట్టి జాబితాలో ఆ తోట ఉండదు.